శ్రీశైలం రోడ్డుపై ప్రమాదకర ఓవర్‌టేకింగ్: సంఘ సభ్యులకు 2025–26 వార్షిక నివేదిక

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లే 765వ నంబరు జాతీయ రహదారి వెంట కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి పరిసరాల ఊళ్లవాళ్లం కలిసి ఏర్పాటు చేసుకున్న మన సంఘం, గత సర్వసభ్య సమావేశంలో ఒకే ఒక ముఖ్య తీర్మానం చేసింది. ఎదురుగా వాహనం వస్తున్నా లెక్కచేయకుండా ముందు బండిని దాటేసే అలవాటు మీదనే ఈ ఏడాదంతా మన శక్తి పెట్టాలన్నది ఆ తీర్మానం. వీధి దీపాలు, బస్ షెల్టర్లు, మురుగు కాలువల పనులు పంచాయతీల ద్వారా యథావిధిగా సాగాయి. వాటి వివరాలు జమాఖర్చుల పట్టికతో పాటు విడిగా అందజేస్తున్నాం కనుక ఈ నివేదికను తీర్మానించిన విషయానికే పరిమితం చేస్తున్నాం.

రోడ్డు ఇరుకుగా ఉన్నప్పుడు ప్రమాదాలు జరుగుతాయని, వెడల్పు చేస్తే తగ్గుతాయని మనమందరం నమ్ముతూ వచ్చాం. డివైడర్ లేని రెండు వరుసల రహదారిని విస్తరించేటప్పుడు సాధారణంగా వాహనాలు నడిచే భాగం 7 మీటర్లు, దానికి రెండు పక్కలా ఒక్కొక్కటి 1.5 మీటర్ల తారు అంచు, మొత్తం 10 మీటర్లు వేస్తారు. ఆ అంచు చెడిపోయిన బండి నిలపడానికి, సైకిళ్లకు, నడిచేవాళ్లకు, నెమ్మదిగా వెళ్లే ట్రాక్టర్లకు ఉద్దేశించినది. నున్నగా, నల్లగా ఒకే పరుపుగా కనిపించే ఆ పది మీటర్లను తొందరలో ఉన్న డ్రైవరు మాత్రం మూడు వరుసలుగా లెక్కేసుకుంటాడు. ముందున్న లారీ కాస్త ఎడమకు జరుగుతుందని, ఎదురుగా వచ్చే కారు తన అంచులోకి తప్పుకుంటుందని, నడుమ తనకు దారి మిగులుతుందని అతని అంచనా. చాలాసార్లు అది నిజమవుతుంది కూడా. అందువల్లనే అలవాటు స్థిరపడింది. ఆ అంచు మీద పాల క్యాన్లతో మోటారు సైకిలుపై వచ్చే రైతు గానీ, బడి నుంచి వచ్చే పిల్లలు గానీ ఉన్న క్షణాన తప్పుకోవలసిన కారుకు చోటు ఉండదు, లేదా ఆ చోటును మనవాళ్లు వదలవలసి వస్తుంది. మొరంలోకి దిగి జారిపడి, ఏ వాహనమూ తాకకుండానే కాళ్లు చేతులు విరిగి మంచాన పడ్డవాళ్లు మన సభ్యుల ఇళ్లలోనే ఉన్నారు. బండి తాకలేదు కనుక అటువంటివి చాలావరకు ఏ పోలీసు లెక్కలోనూ చేరవు.

ఈ సంగతిని ఊళ్లలో వివరించడానికి కార్యవర్గం ఒక చిన్న లెక్కను వాడుకున్నది. దానిని ఇక్కడ కొంత వివరంగా చెప్పడం అవసరమని భావిస్తున్నాం. కేంద్ర ప్రభుత్వం 2018లో ప్రకటించిన గరిష్ఠ వేగాల ప్రకారం మధ్యలో డివైడర్ లేని ఇటువంటి రోడ్డుపై కారుకు గంటకు 70 కిలోమీటర్లు, బస్సుకు, లారీకి 60 కిలోమీటర్లు పరిమితి. పన్నెండు మీటర్ల లారీ 60లో వెళ్తుంటే, దాని వెనుక పదిహేను మీటర్ల దూరంలో ఉన్న కారు 70 వేగంతో దానిని దాటి, మళ్లీ పదిహేను మీటర్ల ఎడంతో ఎడమకు రావాలంటే కారు పొడవుతో కలిపి లారీ కంటే 46 మీటర్లు ఎక్కువగా ప్రయాణించాలి. రెండింటి మధ్య తేడా గంటకు 10 కిలోమీటర్లే కనుక దానికి 16 సెకన్లకు పైగా పడుతుంది. ఆ సమయంలో కారు సుమారు 320 మీటర్లు, అదే వేగంతో ఎదురుగా వచ్చే కారు మరో 320 మీటర్లు వస్తాయి. అంటే డ్రైవరు కుడికి తిప్పే క్షణాన ముందు కనీసం 640 మీటర్ల రోడ్డు ఖాళీగా కనబడాలి. అదే లారీ బరువుతో 40లో ఈడుస్తుంటే, సుమారు 215 మీటర్లు చాలు.

దేశంలో రోడ్ల నిర్మాణానికి ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతలు కూడా ఈ విషయాన్నే మరో రీతిలో చెబుతున్నాయి. గంటకు 80 కిలోమీటర్ల వేగానికి రూపొందించిన రోడ్డుపై బండి ఆగడానికి ముందు 120 మీటర్ల రోడ్డు కనబడితే చాలునట, ఓవర్‌టేక్ చేయడానికి మాత్రం 470 మీటర్లు కనబడాలి. నిదానంగా వెళ్లే ట్రాక్టరును దాటడం అర్థమున్న పని. మంచి వేగంతో పోతున్న బస్సును దాటాలనుకునేవాడు ఎదురుగా వచ్చే కుటుంబం ప్రాణాల మీద పందెం కాస్తున్నాడు. ఇంత చేసి దక్కే లాభం ఎంతో కూడా సభల్లో చెప్పాం: ముప్పై కిలోమీటర్ల దూరాన్ని 60లో వెళ్తే అరగంట, 70లో వెళ్తే ఇరవై ఆరు నిమిషాలకు కాస్త తక్కువ. ఈ లెక్కను బడి గోడల మీద, టీ కొట్ల దగ్గర రాయించాం. యువకులు సెల్‌ఫోన్లలో స్వయంగా వేసి చూసుకుని, తమ బైకుల వేగాలకు కూడా లెక్కగట్టి వాదించుకోవడం మేం ఊహించని మంచి ఫలితం.

డ్రైవర్ల తొందరకు ఈ దారిలో ఒక ప్రత్యేక కారణం ఉన్నది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో జంతువుల రక్షణ కోసం మన్ననూరు, దోమలపెంట చెక్‌పోస్టుల మధ్య రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలను అనుమతించరు. ఆ నియమం న్యాయమైనది, దానిని సడలించాలని సంఘం ఎన్నడూ కోరదు. అయితే హైదరాబాదులో సాయంత్రం ఆలస్యంగా బయలుదేరినవారు గేటు మూసేలోపు మన్ననూరు చేరాలని తపించే గంటలు, మన పొలాల నుంచి జనం ఇళ్లకు మళ్లే గంటలు ఒకటే. శనివారం సాయంత్రాలు, కార్తీక మాసం, శివరాత్రి ముందు రోజులు మరీ కష్టం. ఆ రోజుల్లో శివమాల ధరించిన స్వాములు కాలినడకన, చాలామంది చెప్పులు కూడా లేకుండా, ఇదే తారు అంచు మీద గుంపులుగా వెళ్తుంటారు. గేటు వేళలు మన్ననూరు దగ్గరికి వెళ్లాక తెలిసి ప్రయోజనం లేదు. వాటిని హైదరాబాదు శివారులోని తుక్కుగూడ దగ్గరే పెద్ద అక్షరాలతో చూపించి, ఫలానా వేళ దాటితే కల్వకుర్తిలో గానీ ఇంట్లో గానీ రాత్రి ఆగడం మేలని తెలియజేయాలని సంబంధిత శాఖలకు విన్నపాలు పంపాం. ఇంతవరకు జవాబు రాలేదు. ఈలోగా మన సభ్యుల హోటళ్లు, పెట్రోలు బంకుల్లో అటువంటి బోర్డులు మనమే పెట్టుకున్నాం. బోర్డు చదివి టీ తాగి తాపీగా బయలుదేరే కుటుంబాలు కనబడుతున్నాయని కొట్లవాళ్లు చెబుతున్నారు. నడిచి వెళ్లే స్వాములకు మెరిసే పట్టీలు పంచే పనిని ఆలయ కమిటీల సాయంతో చేపట్టాం. ఎదురు వచ్చే బండ్లు కనబడేలా రోడ్డుకు కుడివైపున నడవమని చెప్పడం కూడా ఆ పనిలో భాగమే.

ఈ ఏడాది మన పనిలో ఎక్కువ కాలం తీసుకున్నది, ఎక్కువ తృప్తినిచ్చింది ఇండికేటర్ల విషయం. ముందు వెళ్లే లారీ డ్రైవరు వెనుకవాడికి దారి ఇస్తున్నానని చెప్పడానికి ఇండికేటరు వేసే ఆచారం దేశమంతటా ఉన్నది. ఒకరు ఎడమది వేస్తారు, ఒకరు కుడిది వేస్తారు. అదే కుడి ఇండికేటరు తాను కుడివైపు పొలం బాటలోకి తిరుగుతున్నానని చెప్పడానికి కూడా వాడవలసినదే. దారి ఇస్తున్నాడనుకుని వెనుకవాడు కుడికి రావడం, అదే క్షణాన ట్రాక్టరు కుడికి తిరగడం మన ఊళ్ల ముందు మళ్లీ మళ్లీ జరిగే ఘోరం. డిప్పర్ కొట్టడం, అంటే హెడ్‌లైట్లు వెలిగించి ఆర్పడం, సంగతీ అంతే: ఒకరికి అది ‘నువ్వు రా’ అని, మరొకరికి ‘నేను వస్తున్నా, తప్పుకో’ అని. మన ట్రాక్టర్, డీసీఎం, లారీ యజమానులతో పలుమార్లు కూర్చుని, ఇండికేటరును తిరగడానికి తప్ప మరి దేనికీ వాడబోమని, వెనుకవాడిని దాటమని మనం పిలవబోమని, దాటుతున్నవాడు కనిపిస్తే వేగం పెంచకుండా ఎడమకు నిలకడగా ఉంటామని ఒప్పించాం. దాటించుకునేవాడు వేగం పెంచకూడదన్నది 2017 మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల్లో ఉన్నదే. పెద్ద వయసు డ్రైవర్లు మొదట ఒప్పుకోలేదు. వెనుకవాడికి దారి చెప్పడం తమ మర్యాద అని వారి వాదన. ఆ మర్యాద వెనుక ఉన్న మంచి మనసును మేం గౌరవిస్తున్నాం, కానీ ముందు ఏముందో చూసుకోవలసిన బాధ్యత దాటేవాడిదేనని వారికి నచ్చజెప్పగలిగాం.

పత్తి కాలంలో ట్రాలీ వెడల్పును మించి నింపిన బండ్లు మనవే. వెనుక వచ్చేవాడికి అవి ముందు రోడ్డును పూర్తిగా మూసేస్తాయి, దానితో అతను తొంగి చూడడానికి మధ్య గీత దాటి కుడికి వస్తాడు. ఈ విషయంలో తప్పంతా పట్టణం నుంచి వచ్చే కార్లదే అనడం న్యాయం కాదని కార్యవర్గం అభిప్రాయం. చాలా ట్రాలీలకు ఎర్రని మెరిసే స్టిక్కర్లు అతికించాం. కానీ జిన్నింగ్ మిల్లుకు వెళ్లే తొందరలో లోడు తగ్గించడానికి రైతులు సుముఖంగా లేరు. కిరాయి ఖర్చు వారిని అలా చేయిస్తున్నదని మనకు తెలుసు.

చట్టం సంగతి సంక్షిప్తంగా. మలుపులో, ఎత్తు ఎక్కేచోట, కూడలిలో, వంతెనపై, బడి దగ్గర, మధ్య గీత తెగకుండా గీసి ఉన్నచోట ఓవర్‌టేక్ చేయరాదు. 2019 సవరణ తరువాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్‌లో, చట్టవిరుద్ధంగా ఓవర్‌టేక్ చేయడం ప్రమాదకర డ్రైవింగ్‌గా స్పష్టంగా చేరింది. మొదటి తప్పుకు ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు లేదా 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా లేదా రెండూ పడవచ్చు. ఆచరణలో కెమెరాలు వేగాన్ని పట్టుకుంటాయి, హెల్మెట్‌ను పట్టుకుంటాయి, తప్పుడు ఓవర్‌టేకింగ్‌ను అరుదుగా పట్టుకుంటాయి. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ ప్రకటించింది. ఆ పట్టికల్లో కారణంగా అతివేగమని, రాంగ్‌సైడ్ అని ఉంటుంది. దాటబోయి ఢీకొన్నవి ఆ పేర్ల కింద కలిసిపోతాయి. పేరు లేని కారణానికి మందు వెతికేవారు ఉండరన్నది మా బాధ.

2025 నవంబరు 3న రంగారెడ్డి జిల్లాలోనే, చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది ప్రాణాలు కోల్పోయారు. అదీ డివైడర్ లేని రోడ్డే. ఆ ప్రమాదానికి కారణమేమిటో తేల్చడం మన పని కాదు, దానిని ఓవర్‌టేకింగ్ ఖాతాలో వేయడమూ మా ఉద్దేశం కాదు. ఎదురెదురుగా వచ్చే భారీ వాహనాల మధ్య గీత తప్ప మరేమీ లేనిచోట ఒక్క తప్పు ఎంతమందిని తీసుకుపోతుందో ఆ ఉదయం అందరికీ తెలిసింది. ఆ వారం జరిగిన మన సమావేశానికి అంతవరకు ఎప్పుడూ రాని మహిళలు పెద్ద సంఖ్యలో వచ్చారు. ప్రమాద బాధితులను మొదట చేరేది మనవాళ్లే కనుక రక్తస్రావం ఆపడం, వెన్ను కదలకుండా మోయడం, 108కు గానీ జాతీయ రహదారుల 1033కు గానీ స్థలం గుర్తులు సరిగ్గా చెప్పడం నేర్పే శిక్షణ వారి కోరికపైనే మొదలైంది. సాయపడినవారిని వేధించకుండా మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ రక్షిస్తుందని, 2025 మే నుంచి అమల్లోకి వచ్చిన పథకం కింద గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు 1.5 లక్షల రూపాయల దాకా నగదు లేని చికిత్స దొరుకుతుందని ఇంటింటికీ తెలియజేశాం.

రోడ్డు రూపం విషయంలో సభ్యుల్లో భేదాభిప్రాయం ఉన్నది. నాలుగు వరుసలు, డివైడర్ వచ్చేదాకా ఏదీ మారదని కొందరు అంటున్నారు. కార్యవర్గం అంతకాలం ఆగలేదు. ఇటువంటి చిక్కే స్వీడన్‌లో 13 మీటర్ల వెడల్పు రోడ్లపై ఉండేది. అక్కడా డ్రైవర్లు అంచులను వరుసలుగా వాడుకుని నడుమ నుంచి దాటేవారు. 1998లో ఈ4 రహదారిపై యేవ్లె దగ్గర మొదలుపెట్టి, వారు అదే వెడల్పులో మూడు వరుసలు గీసి, మధ్యలో ఉక్కు తీగల కంచె వేశారు. నడిమి వరుస కొంతదూరం ఒకవైపువారికి, తరువాత కొంతదూరం రెండోవైపువారికి దక్కుతుంది. దాటే అవకాశం ముందు ఉన్నదని బోర్డు చెబుతుంది కనుక డ్రైవరు ఓపిక పడతాడు. అటువంటి రోడ్లపై మరణాలు ముప్పాతిక వంతు దాకా తగ్గాయి. మన పది మీటర్లలో అది యథాతథంగా కుదరదు, మన రోడ్డుకు ఆనుకుని ఊళ్లు, పొలం బాటలు కూడా ఉన్నాయి. కాబట్టి భూమి అందుబాటులో ఉన్నచోట్ల కొన్ని కిలోమీటర్లకు ఒకసారి మూడు మీటర్లు అదనంగా వేసి దాటే వరుస ఇవ్వాలని, ఊళ్ల ముందు మధ్య గీతపై ఒరిగి లేచే ప్లాస్టిక్ స్తంభాలు పెట్టాలని, అంచు గీతపై గరగరమనే పట్టీలు వేయాలని, వర్షాలకు చెరిగిపోయిన మధ్య గీతను మళ్లీ గీయాలని పటంతో సహా అర్జీ ఇచ్చాం. వీటిలో గీత ఒక్కటే, అదీ కొంతమేరకే జరిగింది.

వచ్చే సంవత్సరానికి కార్యవర్గం సభ్యుల ఆమోదం కోరుతున్న పనులు ఇవి. దాటే వరుసల అర్జీని ఈసారి పంచాయతీల తీర్మానాలతో కలిపి, ప్రజాప్రతినిధులను వెంటబెట్టుకుని సమర్పించాలి. మొరంలో జారిపడి గాయపడినవారి వివరాలను ఊరివారీగా ఒక పుస్తకంలో నమోదు చేసి, ప్రతి మూడు నెలలకు పోలీసు స్టేషనుకు, రహదారి అధికారులకు ప్రతులు ఇవ్వాలి. పత్తి ట్రాలీల లోడు విషయంలో జిన్నింగ్ మిల్లుల యజమానులతో మాట్లాడి, వెడల్పు మించని బండ్లకు తూకంలో ముందు వరుస ఇప్పించే ఏర్పాటు చేయాలి. మొదటి ఏరిన పత్తి రోడ్డెక్కక ముందే ఇది పూర్తికావాలి కనుక, ట్రాలీలు ఉన్న సభ్యులు తమ పేర్లను వచ్చే సమావేశంలోపు ఊరి ప్రతినిధికి ఇవ్వవలసిందిగా కోరుతున్నాం.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి