ఊబిలో దిగబడితే ఏం చెయ్యాలో బోర్డు మీదే రాయించండి

జలవనరుల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మాది గౌతమీ పాయ ఒడ్డున లంక ఊరు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఏటి ఇసుకలో అడుగు పెట్టడం ఎరగనివాళ్లు లక్షల్లో వస్తారు. మా రేవులో బోర్డు మీద ‘ఊబి ఉంది, దిగరాదు’ అని ఉంది. తెలియక దిగినవాడు ఏం చెయ్యాలో మాత్రం లేదు.

నాకు పదమూడేళ్లప్పుడు, వరద తగ్గిన కొత్తల్లో, తిప్ప మీదకి గేదెను తోలుకెళ్తూ దిగబడ్డాను. పైకి ఆరిన ఇసుకే. కాలు మోపగానే జున్నులా వణికింది. ఒక కాలు గుంజితే రెండోది ఇంకా లోపలికి పోయింది. తొడల దాకా వచ్చేసింది. అవతల వల ఆరబెట్టుకుంటున్న పడవ తాత దగ్గరికి రాలేదు, గట్టి నేల మీదే ఆగి అరిచాడు: “గుంజకు! ఎనక్కి పడుకోరా. చేతులు బార్లా చాపు.” పడుకున్నాను. తెడ్డు నా వైపు తోసి, “కాళ్లు మెల్లగా ఆడించు, సందులోకి నీళ్లు దిగనియ్” అన్నాడు. అరగంట పట్టింది బయటపడటానికి. ఒక చెప్పు లోపలే ఉండిపోయింది.

తాత మాటే శాస్త్రం మాట కూడా. ఊబి సాంద్రత మన ఒంటికి దాదాపు రెట్టింపు, కాబట్టి నడుము దాకా దిగాక మనిషి తేలతాడు, తల మునిగేదాకా పోడు. కానీ కాలి చుట్టూ ఇసుక బిగుసుకుంటుంది. ఆ కాలిని సెకనుకు ఒక సెంటీమీటరు చొప్పున పైకి లాగాలన్నా ఓ మోస్తరు కారును ఎత్తేంత బలం కావాలని 2005లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు లెక్కతేల్చారు. అందుకే నలుగురూ చేరి చేతులు పట్టి లాగకూడదు. కీళ్లు తప్పుతాయి, లాగేవాళ్లూ దిగబడతారు.

చంపేది ఇసుక కాదండీ, నీరు. ఇంగ్లండ్‌లో మోర్‌కాంబే బే ఇసుక తిన్నెల మీద 2004 ఫిబ్రవరి 5 రాత్రి గుల్లలు ఏరుకునే చైనా కూలీలు 20 మందికి పైగా పోటు నీటిలో చిక్కుకుని చనిపోయారు. మా పాయలోకీ సముద్రం పోటు ఎక్కుతుంది. పైన ధవళేశ్వరంలో గేట్లెత్తినా నీరు పెరుగుతుంది. కాలు ఇరుక్కున్నవాడికి ఆ అరగంట ఎక్కడిది?

కాబట్టి బోర్డు మీద బొమ్మ వేయించండి: వెనక్కి పడుకున్న మనిషి, బార్లా చాపిన చేతులు. చదువు రానివాళ్లకీ అర్థం కావాలి. ప్రతి రేవులో ఓ వెడల్పాటి చెక్క, పొడవాటి తాడు, తాళం వెయ్యకుండా ఉంచండి. నీళ్లు వదిలే ముందు లంకల దాకా వినబడేలా సైరన్ మోగించండి. అన్నిటికంటే ముఖ్యం, మోర్‌కాంబేలో ఇసుక దారి చూపడానికి శతాబ్దాలుగా ఒక మార్గదర్శి పదవి ఉంది. ఇక్కడ ఏ వరదకి ఏ తిప్ప మెత్తబడిందో మా పడవవాళ్లకి తెలుసు. వాళ్లనే జీతమిచ్చి రేవుల్లో నిలబెట్టండి.

ఆ తాత ఇప్పుడు లేడు. ఆయన కొడుకు అదే రేవులో పడవ వేస్తున్నాడు. పుష్కరాలకి పిలిస్తే వస్తానన్నాడు.

ఇట్లు,
గౌతమీ ఒడ్డు లంక రైతు