శ్మశానానికి దారేది?

సంపాదకునికి,

కోనసీమలో వానాకాలం ఎవరైనా పోతే ఇంటివాళ్లకు ఏడుపు కన్నా ముందు టెన్షన్ మొదలవుతుంది. మా ఊరి శ్మశానం పంటకాలువ గట్టు దిగువన, వరిచేల మధ్య ఉంది. మోకాలి లోతు బురదలో పాడె మోసేవాళ్ల కాళ్లు జారుతుంటే వెనకున్నవాళ్లు నడుం పట్టుకుని నిలబెడుతున్నారు. దహనాల షెడ్డు రేకులు తుప్పుపట్టి ఊడిపోయాయి. పూడ్చుదామంటే కాస్త తవ్వగానే గోతిలో నీరూరుతుంది. డెల్టా నేల తీరే అంత, అందుకు ఎవరినీ అనలేం. మెరక చేయించకపోవడం మాత్రం మనుషుల నిర్లక్ష్యమే. 1994 పంచాయతీరాజ్ చట్టం శ్మశానాల నిర్వహణ బాధ్యతను పంచాయతీల మీదే పెట్టింది. వేసవిలో కాలువలు కట్టేయగానే మట్టి తోలించి, గట్టు నుంచి సిమెంటు రోడ్డు వేయించాలి. సార్వా (ఖరీఫ్) పంటకు నీళ్లు వదిలాక ట్రాక్టరు అటు వెళ్లదు.

– ఒక రైతు, కోనసీమ