ఆదివారం కోరింగ నడక

అందరికీ నమస్కారమండీ. ఆదివారం ఉదయం 6 గంటలకల్లా కాకినాడ భానుగుడి జంక్షన్ దగ్గర ఉండాలి.

పోయినసారి ఒకరిద్దరు సెల్ఫీ కోసం చెక్కబాట దిగి బురదలోకి వెళ్లారు, ఒక చెప్పు అక్కడే ఉండిపోయింది, నవ్వుకున్నాం గానీ ఆ కోరింగ మడ అడవి 1978 నుంచి అభయారణ్యమండీ, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి ఉన్న దారి తప్ప ఎక్కడపడితే అక్కడ తిరగడానికి లేదు. దాని హద్దులు మార్చాలంటే రాష్ట్ర ప్రభుత్వానికే జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫార్సు కావాలి, ఇక మనమెంత!

బురదలోంచి పెన్సిళ్లలా లేచి ఉండేవి మడచెట్ల ఊపిరి వేళ్లు, తొక్కొద్దు. ప్లాస్టిక్ కవర్లు వద్దు. టికెట్‌కి చిల్లర తెచ్చుకోండి.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోపు పేరు, ఎంతమందో రాయండి. ఉత్త బొటనవేలు ఎమోజీ పెడితే లెక్క తేలదండీ బాబూ.