వార్షిక నివేదిక: మన ఎలక్ట్రానిక్ సంగీతం ఏ ఊరిది?

సభ్యులందరికీ నమస్కారం.

కిందటి ఉగాది నుంచి ఈ ఉగాది దాకా మన సంఘం చేసిన పనుల నివేదిక ఇది. జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా పంపారు కాబట్టి ఆ లెక్కలు మళ్లీ ఇక్కడ రాయడం లేదు. పోయిన సర్వసభ్య సమావేశంలో ఒంగోలు సభ్యులు ఒక ప్రశ్న వేశారు, గుర్తుండే ఉంటుంది. మనం చేసేది నెల్లూరు, ఒంగోలు సంగీతమా, లేక ఎలక్ట్రానిక్ సంగీతానికి పేరుపడ్డ జర్మనీ నగరం బెర్లిన్‌లో ఉన్నదానికి ఇక్కడ బ్రాంచి తెరిచామా అని. ఆ రోజు టైం చాలక వదిలేశాం. కానీ ఏడాదంతా ఏ కార్యక్రమం పెట్టినా చివరికి మాట అక్కడికే వచ్చింది. అందుకే ఈసారి నివేదిక ఆ ప్రశ్న పట్టుకునే రాస్తున్నాను.

నెలవారీ లిజనింగ్ సెషన్లు ఎప్పటిలాగే దర్గామిట్టలో, ఒక సభ్యుడి మేడ మీద గదిలో జరిగాయి. రొట్టెల పండుగ నెలలో మాత్రం జరపలేదు. ఆ రోజుల్లో ఊరంతా యాత్రికులే, మనవాళ్లు కూడా చాలామంది స్వర్ణాల చెరువు దగ్గరే ఉంటారు. మిగతా నెలల్లో ఈ సంగీతం మన దేశంలోకి ఏ దారిన వచ్చిందో వరసగా విన్నాం.

ఇది ఇంటర్నెట్‌తో పాటు వచ్చిందనే చాలామంది అనుకుంటున్నారు. కాదు. 1969లోనే అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజర్‌తో, అంటే కరెంటుతో శబ్దాలు పుట్టించే వాద్యంతో, ఒక స్టూడియో పెట్టారు. అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ వచ్చి దాన్ని అమర్చారు. గీతా సారాభాయి లాంటివాళ్లు అందులో కూర్చుని టేపులు చేశారు. కొన్నేళ్లకే ఆ పని ఆగిపోయింది. ఆ టేపులు ఆల్బమ్‌గా బయటికొచ్చింది 2023లో! తర్వాత 1982లో ముంబైలో చరణ్‌జిత్ సింగ్ అనే సినిమా వాద్యకారుడు పది రాగాలను డిస్కో దరువు మీద వాయించి రికార్డు చేశారు. ఆయన వాడింది జపాన్ కంపెనీ రోలాండ్ వాళ్ల టీఆర్-808 డ్రమ్ మెషీన్ (దరువు వాయించే పెట్టె), టీబీ-303 బేస్ పెట్టె (మంద్ర స్వరాలు వాయించేది). ఇవే పెట్టెలు చికాగోలో యాసిడ్ హౌస్ అనే శైలికి ప్రాణం పోసింది మరో అయిదేళ్లకు. అయినా ఆ రికార్డు ఇక్కడ అమ్ముడుపోలేదు. 2010లో రికార్డులు సేకరించే ఒక డచ్చి ఆయన మళ్లీ అచ్చువేయిస్తే గానీ ప్రపంచం ఆయన పేరు ఎత్తలేదు. ఇక 1990లలో గోవాలో, అంజునా బీచి పక్కన, తెల్లవార్లూ ట్రాన్స్ అనే ఎలక్ట్రానిక్ సంగీతంతో పార్టీలు నడిచాయి. వాటిలో ఆడింది ఎక్కువగా విదేశీ యాత్రికులు. ఊళ్లో ఆడవాళ్లు చాపలు పరిచి, దీపాలు పెట్టుకుని టీలు, ఆమ్లెట్లు అమ్ముకున్నారు.

మొదటిచోట యంత్రం ఉంది. రెండోచోట రికార్డు ఉంది. మూడోచోట జనమూ ఉన్నారు, కాకపోతే ఆ ఊరివాళ్లు కారు. మూడింట్లోనూ లేనిది ఒకటే. ఒకే ఊళ్లో ఉండే కుర్రాళ్లు వారం వారం కలవడం, ఒకడు కట్టిన ట్రాక్ ఇంకొకడు విని, దాన్ని మించింది కట్టాలని పట్టుదలగా ఇంటికి పోవడం. సీన్ అని మనం పిలిచేది దాన్నే.

అమెరికాలోని డెట్రాయిట్‌లో అది జరిగింది. కార్ల ఫ్యాక్టరీలు మూతపడుతున్న కాలంలో, దగ్గర్లోని బెల్‌విల్ ఊరి బడిలో చదివిన హువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అనే ముగ్గురు నల్లజాతి స్నేహితులు టెక్నో అనే యంత్రాల దరువు సంగీతానికి పునాది వేశారు. వాళ్లు విని పెరిగినవాటిలో జర్మనీలోని డ్యుసెల్‌డార్ఫ్ నుంచి వచ్చిన క్రాఫ్ట్‌వెర్క్ బృందం ఉంది. వాయించిన పెట్టెలు జపాన్‌వి. టీఆర్-808ని 1983లోనూ, టీబీ-303ని 1984లోనూ కంపెనీయే ఆపేసింది. అవి సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికాయి కాబట్టే డెట్రాయిట్, చికాగో కుర్రాళ్ల చేతికి వచ్చాయి. అంటే పుట్టిన ఊళ్లో కూడా ఈ సంగీతపు సరంజామా స్థానికం కాదు. మనం ట్రాకులు కట్టడానికి బెర్లిన్‌లో తయారైన ఏబుల్టన్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నామనో, బెల్జియం వాళ్ల ఎఫ్ఎల్ స్టూడియో వాడుతున్నామనో చిన్నబుచ్చుకోవాల్సిన పని లేదని నా గట్టి అభిప్రాయం. దక్షిణాఫ్రికాలో డర్బన్ శివారు పిల్లలు కూడా అదే ఎఫ్ఎల్ స్టూడియోలో గొమ్ అనే శైలి కట్టారు. అక్కడి ట్యాక్సీ వ్యాన్లలో మోగి మోగి అది ఊరి పాట అయింది. ఒంగోలు షేర్ ఆటోలో ఎక్కినవాళ్లకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు.

నన్ను కలవరపెట్టేది ఇంకో సంగతి. 1988లో కొన్ని డెట్రాయిట్ ట్రాకులు కలిపి ఆల్బమ్ వేసింది ఇంగ్లండ్ వాళ్లు. టెక్నో అనే పేరు లోకమంతా పాకింది దానివల్లే. 1991లో బెర్లిన్‌లో, పాత డిపార్ట్‌మెంట్ స్టోర్ నేలమాళిగలో ట్రెజర్ క్లబ్బు తెరిచి డెట్రాయిట్ కళాకారులను పిలిచి వాయింపించారు, వాళ్ల రికార్డులు వేశారు. ఆ స్నేహం నిజమైనదే. కానీ 2024 మార్చిలో జర్మనీ యునెస్కో కమిషన్ తమ దేశపు సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది బెర్లిన్ టెక్నో సంస్కృతిని. సంగీతం ఊరు దాటి ప్రపంచానికి పోవడంలో నష్టమేమీ లేదు. పోయాక పేరూ డబ్బూ ఎవరికి చేరుతున్నాయన్నదే చూసుకోవాలి. ఈ ఏడాది ఆ పరీక్ష మనకూ వచ్చింది. ఆ సంగతి కిందకొస్తుంది.

సంక్రాంతి తర్వాత కావలిలో పెట్టిన కచేరీ ఈ ఏడాది మన పెద్ద కార్యక్రమం. నెల్లూరువాళ్లకూ ఒంగోలువాళ్లకూ మధ్యస్తంగా ఉంటుందని కావలి ఎంచుకున్నాం. కల్యాణ మండపం దొరికింది. సౌండుకు బయటి ఊళ్ల నుంచి ఎవర్నీ పిలవలేదు. వినాయక నిమజ్జనాలకు డీజే బండి కట్టే అన్ననే మాట్లాడుకున్నాం. ఆయన బాక్సులు రోడ్డు మీద, ఆరుబయట మోగడానికి కట్టినవి. హాల్లో పెట్టి మొదటి ట్రాక్ వేయగానే బేస్ అంతా ముద్దయిపోయింది, కిక్, అంటే పెద్ద డ్రమ్ము దెబ్బ, ఎక్కడ పడుతోందో తెలియలేదు. అన్న మిక్సర్ ముట్టుకోలేదు. హాలు నాలుగు మూలలా నిలబడి చప్పట్లు కొట్టి విన్నాడు. "అట్టా కాదు సార్, బాక్సు పాడటంలా, వెనకాల గోడ పాడతా ఉంది" అన్నాడు. షామియానా కొట్టు నుంచి పరుపులు తెప్పించి గోడకు ఆనించాడు, బేస్ బాక్సులను మూల నుంచి మూడడుగులు ముందుకు జరిపించాడు. అప్పుడు మళ్లీ వేస్తే ప్రతి దెబ్బా విడివిడిగా, పొట్టలో తగిలింది. ఆ చెవి ఏ యూట్యూబ్ పాఠంలోనూ దొరకదు. వచ్చే ఏడాది ఆయన్ను మన సంఘంలో గౌరవ సభ్యుడిగా తీసుకోవాలని కోరుతున్నాను.

వేళల గురించి కొందరు సభ్యులు అసంతృప్తి చెప్పారు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. హాలు మూసుకుని వాయించినా ఇళ్ల మధ్య మండపం కదా, తొమ్మిదిన్నరకు ఆపేశాం. పశ్చిమ బెర్లిన్‌లో 1949లోనే మూసే వేళ అనేది ఎత్తేశారు. అక్కడ ఒక డీజే ఏడెనిమిది గంటలు వాయిస్తాడు, మొదటి గంటంతా నెమ్మదిగా వేడెక్కించడానికే పోతుంది. మనకు సాయంత్రం అయిదుకు మొదలుపెడితే ఒక్కొక్కరికి నలభై నిమిషాలు వస్తాయి. ఆ ఇరుకే మన ట్రాకులను మార్చిందని వింటే తెలుస్తోంది. మన సభ్యులు కట్టినవి తొందరగా దరువులోకి దిగుతున్నాయి, మధ్యలో ఊపిరి తీసుకునే చోటు ఒక్కటే పెడుతున్నాయి, ముగింపు తెగ్గొట్టినట్టు వస్తోంది. దీన్ని లోపంగా కాదు, మన తీరుగా చూడమని మనవి. పైగా పెందలాడే అయిపోవడం వల్లే మహిళా సభ్యులు చివరిదాకా ఉండగలిగారు, తల్లిదండ్రులు వచ్చారు. వెనక కుర్చీల్లో కూర్చున్న ఒక అమ్మ "మాటలు ఎప్పుడొస్తాయి నాయనా?" అని అడిగారు. మాటలుండవమ్మా అన్నాం. ఆవిడ ఆఖరి ట్రాక్ దాకా కదల్లేదు.

ఒంగోలులో జరిపిన వర్క్‌షాప్‌కు కొత్తవాళ్లు బాగానే వచ్చారు. ల్యాప్‌టాప్‌లు సరిపోలేదు, ఇద్దరికొకటి ఇచ్చాం. మార్కాపురంలో కూడా పెట్టమని అడుగుతున్నారు.

శబ్దాల సేకరణ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల్లో తెల్లవారుజామున ఏరియేటర్ల (నీళ్లలోకి గాలి ఎక్కించే చక్రాల) చప్పుడు రికార్డు చేశాం. పక్కపక్కనే రెండు చక్రాలు తిరుగుతుంటాయి, వేగంలో వెంట్రుకవాసి తేడా. మొదట రెండింటి రెక్కలూ ఒక్కసారే నీళ్లను కొడతాయి. కాసేపటికి ఒకటి వెనకబడి ఎదురుదరువు పుడుతుంది, ఇంకాసేపటికి మళ్లీ కలిసిపోతాయి. గుంట కాపలా ఉండేవాళ్లు ఆ చప్పుడు మారితే నిద్రలోంచి లేస్తారు. ఎందుకంటే చక్రం ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి పంట చచ్చిపోతుంది. దాంతో మన సభ్యురాలు కట్టిన ట్రాకే కావలిలో అందరికీ నచ్చింది.

డప్పు రికార్డింగ్ కనిగిరి వైపు ఒక పల్లెలో చేశాం. కళాకారులు మంట వేసి డప్పులు కాచుకుని, తోలు బిగిశాక గానీ మైకు ముందుకు రాలేదు. ఒక్కో దరువుకూ పేరు, అది వాయించే సందర్భం అడిగి రాసుకున్నాం. చావు దరువును వినోదానికి వాడొద్దని పెద్దాయన చెప్పారు. అది విడిగా భద్రపరిచాం, ఏ ట్రాక్‌లోనూ వాడం. ఆ తర్వాత ఒక బయటి లేబుల్ (రికార్డు కంపెనీ) నుంచి కబురొచ్చింది. దరువులన్నీ శాంపిల్ ప్యాక్‌గా, అంటే ఎవరైనా తమ ట్రాకుల్లో వాడుకునే శబ్దాల మూటగా, ఒకేసారి కొనేస్తామన్నారు, వాయించినవాళ్ల పేర్లు వేయం, హక్కులన్నీ మావే అన్నారు. డబ్బు మన సంఘానికి పెద్ద మొత్తమే. కార్యవర్గం ఒప్పుకోలేదు. ఇవ్వాల్సి వస్తే కళాకారులు ఇవ్వాలి, వాళ్లతోనే మాట్లాడండి అని రాశాం. జవాబు రాలేదు. డెట్రాయిట్ కథ విన్నాక ఇంతకంటే వేరే నిర్ణయం తీసుకోవడం నాకు చేతకాదు.

సర్వసభ్య సమావేశం ముందుకు రెండు తీర్మానాలు తెస్తున్నాం. ఒకటి, మన సేకరణలోని ఏ శబ్దం వాడినా వాయించినవాళ్ల పేరు ట్రాక్‌తో పాటు ఉండాలి, వచ్చిన ఆదాయంలో సగం వాళ్లకు చేరాలి. రెండు, కచేరీలో కనీసం సగం సమయం రెండు జిల్లాల్లో ఉండి పనిచేస్తున్నవాళ్లకే ఇవ్వాలి. మిగతా సగంలో బెంగళూరు నుంచి వచ్చినా బెర్లిన్ నుంచి వచ్చినా సంతోషంగా పిలుద్దాం, కానీ వచ్చినవాళ్లు మర్నాడు ఒక పూట మన పిల్లలతో కూర్చోవాలి. రెండో తీర్మానంపై అభ్యంతరాలు ఉన్నాయని తెలుసు. రాతపూర్వకంగా పంపితే సమావేశంలో చదివిస్తాను. ఒంగోలు నుంచి రైల్లో వచ్చేవాళ్ల కోసం ఈసారి పదిన్నరకు మొదలుపెడుతున్నాం. చందా బాకీ ఉన్నవాళ్లు అక్కడే కట్టి ఓటు వేయవచ్చు.

కార్యదర్శి