బెలూనా, బూజీనా అని అడిగిన రఘుకి

ఒరేయ్ రఘూ,

ఎండోస్కోపీ గదిలో చేరి పట్టుమని నెల కాలేదు, అప్పుడే ఇరుకైన అన్నవాహికని సాగదియ్యడానికి బెలూన్ మంచిదా, బూజీ మంచిదా తేల్చి చెప్పమంటావు. తేల్చనురా. అన్నవాహిక విషయంలో పరికరం ఎంచుకోవడం ఆఖరి పని. ఎందుకు ఇరుకైంది, ఎంత పొడవున ఇరుకైంది, అసలు ఇరుకైందా లేక కింద కండరం వదులవ్వక తిండి ఆగుతోందా, ఇవి తెలిస్తే ఏది వాడాలో దానంతటదే తెలుస్తుంది.

ముందు కొలతలు బుర్రకెక్కించుకో. పెద్దవాళ్లలో అన్నవాహిక సుమారు 25 సెంటీమీటర్లు. ముందు పళ్ల నుంచి లెక్కేస్తే 15 దగ్గర మొదలై 40 దగ్గర పొట్టలో కలుస్తుంది. స్కోపు, అంటే నోట్లోంచి దింపి లోపల చూసే కెమెరా గొట్టం, దాని మీది అంకెలన్నీ ఈ పళ్ల లెక్కే. లోపలి వెడల్పు 13 మి.మీ. కంటే తగ్గితే గట్టి పదార్థం అడ్డం పడటం మొదలవుతుంది. మామూలు స్కోపు లావు 9, 10 మి.మీ. మాత్రమే. అంటే 11 మి.మీ. ఇరుకులోంచి స్కోపు సాఫీగా దూరిపోతుంది, "ఏమీ లేదు" అని రిపోర్టు వస్తుంది, మనిషికి మాత్రం ముద్ద దిగదు. అలాంటివాళ్లని "ఊరికే భయం" అని పంపించేస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక బూజీ. గట్టి ప్లాస్టిక్‌తో చేసిన పొడుగాటి కడ్డీ, కొన సన్నగా సాగి ఉంటుంది, మధ్యలో గైడ్ వైర్, అంటే దారి చూపే సన్నటి తీగ, పట్టే రంధ్రం. 5 మి.మీ. నుంచి 20 దాకా సైజులుంటాయి. కొన్ని డబ్బాల మీద ఫ్రెంచి అంకెలుంటాయి, మూడుతో భాగిస్తే మిల్లీమీటర్లు. 45 అంటే 15 మి.మీ. అన్నమాట. స్కోపులోంచి వైరుని పొట్ట కింది భాగం దాకా పంపి, స్కోపుని వెనక్కి లాగుతున్నకొద్దీ అంతే పొడవు వైరుని లోపలికి తొయ్యాలి. ఇక్కడే నీ చెయ్యి ముఖ్యం. బూజీ ఎక్కుతున్నప్పుడు, దిగుతున్నప్పుడు కూడా వైరు మీది గుర్తు పళ్ల దగ్గర కదలకూడదు. నువ్వు ఆదమరిస్తే వైరు పైకి జారి కొన ఇరుకు పైనే చుట్టుకుంటుంది, తర్వాతి బూజీ నేరుగా గోడలోకి పోతుంది. వంగి మడతపడ్డ వైరుని మళ్లీ వాడకు. ఆ మడత దగ్గర బూజీ ఆగుతుంది, చేతికేమో అది ఇరుకు తగిలినట్టే అనిపిస్తుంది.

చేతికి ఓ మాదిరి గట్టిగా తగిలే సైజు వచ్చిందంటే, అక్కణ్ణుంచి 1 మి.మీ. చొప్పున మూడు సైజులకి మించి ఆ పూట పోకూడదు. దీన్నే మూడు సూత్రం అంటారు. దీనికి గట్టి పరిశోధన బలం లేదనే వాళ్లూ ఉన్నారు, నిజమే. అయినా కొత్తవాళ్లకి అంతకంటే మంచి కళ్లెం లేదు. మిగతాది రెండు వారాల తర్వాత చేసుకోవచ్చు, అన్నవాహిక చిరిగితే మాత్రం గొడవ మామూలుగా ఉండదు.

బెలూన్ సంగతి వేరు. బూజీ పై నుంచి కిందికి రాసుకుంటూ వెళ్తుంది, బెలూన్ ఉన్నచోటే నలువైపులా నెడుతుంది. స్కోపులోని 2.8 మి.మీ. దారిలోంచే వెళ్తుంది కాబట్టి జరిగేది కంటికి కనిపిస్తుంది. కానీ చేతికేమీ తెలియదు, ఒత్తిడి చూపే మీటరుని నమ్ముకోవాల్సిందే. ప్యాకెట్ మీద 12-13.5-15 అని ఉంటే, పక్కనే ఏ సైజుకి ఎంత ఒత్తిడో రాసుంటుంది. బాగా వాడకంలో ఉన్న ఒక రకంలో అవి 3, 4.5, 8 అట్మాస్ఫియర్లు. కంపెనీ మారితే అంకెలు మారతాయి, ప్రతిసారీ చదువు. నింపేది నీళ్లు, ఎక్స్‌రేలో చూడాలంటే కాంట్రాస్టు (ఎక్స్‌రేలో కనిపించే మందు) కలిపిన నీళ్లు. లోపలికి పంపకముందు "పనిచేస్తుందా" అని ఉబ్బించి చూడకు, ఒకసారి ఉబ్బితే మడతలు మునుపటిలా కూర్చోవు, దారిలో ఇరుక్కుంటుంది. మొత్తం బెలూన్ స్కోపు బయటికి వచ్చిందని కళ్లతో చూశాకే ఉబ్బించు. ఇరుకు సరిగ్గా బెలూన్ నడుం దగ్గరుండాలి. కాస్త పక్కకున్నా తడి సబ్బుబిళ్లలా జారిపోతుంది. అందుకే మెల్లగా నింపాలి, డాక్టరు బెలూన్ గొట్టాన్ని స్కోపుకి ఆనించి బిగబట్టుకోవాలి. ఒక్కో సైజుకి 30 నుంచి 60 సెకన్లు. తీసేటప్పుడు పూర్తిగా పీల్చెయ్యి, సగం ఖాళీ బెలూన్‌ని లాగితే స్కోపు దెబ్బతింటుంది.

పొట్టి, తిన్నటి ఇరుకుకి రెండూ ఒకటే, ఫలితంలో పెద్ద తేడా ఉండదు. స్కోపు దూరనంత సన్నటి ఇరుకైతే బెలూన్ కొన అవతల ఎక్కడుందో కనిపించదు, అప్పుడు వైరూ ఎక్స్‌రే ఉండాలి. పొడుగ్గా, పైనుంచి కింది దాకా సన్నబడిన గొట్టమైతే నేను బూజీ వైపే. అలాంటి గొట్టానికి ఇసినోఫిల్ అనే తెల్లరక్తకణాల వల్ల వచ్చే వాపు కారణం కావచ్చు, బయాప్సీ (పరీక్షకి చిన్న ముక్క) తియ్యకుండా వదలొద్దు. ఆ జబ్బులో పొర తేలిగ్గా చీలుతుంది, చిన్న సైజుతో మొదలెట్టాలి. ఆమ్లం ఎగదన్ని వచ్చిన ఇరుకైతే, ఆమ్లం తగ్గించే మాత్రలు ఆపితే నువ్వెంత సాగదీసినా తిరగబెడుతుంది.

అకలేషియా పూర్తిగా వేరే కథ. అక్కడ కింది కండరం వదులవ్వదు, 20 మి.మీ. బెలూన్ దాన్ని పలకరించి వస్తుందంతే. కండరపు పోగులు తెగాలి కాబట్టి 30, 35, 40 మి.మీ. బెలూన్లు వాడతారు, అవి గాలితో ఉబ్బేవి. వైరు మీదుగా ఎక్కించి, ఎక్స్‌రేలో బెలూన్ నడుం దగ్గరి నొక్కు మాయమయ్యేదాకా చూస్తారు. మొదట 30, చాలకపోతే కొన్ని వారాల తర్వాత 35. నూటికి ఇంచుమించు ఇద్దరికి చిల్లు పడే ప్రమాదం ఉంది. మానోమెట్రీ, అంటే అన్నవాహిక లోపలి ఒత్తిడి కొలిచే పరీక్ష, లేకుండా ఇది చెయ్యకూడదు. అకలేషియాలో మూడో రకం, అంటే కండరం పట్టేసే రకానికి బెలూన్ అంతగా పనిచెయ్యదు, 2008లో జపాన్‌లో ఇనోవే అనే డాక్టరు మొదలుపెట్టిన పోయెమ్, అంటే స్కోపుతోనే లోపలి నుంచి కండరాన్ని కోసే పద్ధతి, మేలు. అన్నట్టు, 1674లోనే ఇంగ్లండ్ డాక్టరు థామస్ విల్లిస్ తిమింగలపు ఎముక కొనకి స్పాంజి కట్టి ఇదే జబ్బుకి వాడాడు!

రెండు వారాలకోసారి ఐదు సార్లు చేసినా 14 మి.మీ.కి చేరకపోతే అది మొండి ఇరుకు. స్టెరాయిడ్ ఇంజెక్షన్, ఆ తర్వాతే స్టెంట్, అంటే ఇరుకుని తెరిచి ఉంచే జాలీ గొట్టం. క్యాన్సర్ కాని ఇరుకుకి పూర్తిగా కప్పిన స్టెంటే పెట్టాలి, కప్పనిదైతే కండ అల్లుకుపోయి బయటికి రాదు. కప్పినది జారుతుంది, ఆ బాధ తప్పదు. ఇరుకుకి పైనా కిందా చెరో 2 సెం.మీ. మిగిలేలా పొడవు ఎంచుకోవాలి. చాలా రకాలు విచ్చుకునేటప్పుడు పొట్టివవుతాయి, ఆ లెక్క ప్యాకెట్ మీద చూసుకో. పొట్ట ముఖద్వారం దాటి పెడితే ఆమ్లం పైకి తన్నుతుంది, తల ఎత్తున పెట్టుకుని పడుకోమని చెప్పాలి.

ఏ పని చేసినా తర్వాత మనిషిని గమనించు. తగ్గని ఛాతీ నొప్పి, జ్వరం, వేగంగా కొట్టుకునే గుండె, మెడ దగ్గర నొక్కితే చర్మం కింద గాలి చిటపట. వీటిలో ఏదున్నా చిల్లు పడిందనే అనుకుని నోటికేమీ ఇవ్వకుండా సీటీకి పంపాలి.

అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బి చిట్లిన కేసుకి బ్యాండ్లే (ఆ నాళాల్ని బిగించే రబ్బరు రింగులు) ముందు. అవి కుదరనప్పుడు సెంగ్‌స్టాకెన్ గొట్టం, అంటే బెలూన్లతో నొక్కి రక్తం ఆపే గొట్టం, దింపుతారు, అదీ 24 గంటలు మించకుండా. పొట్టలో ఉండే బెలూన్ ఎక్కడుందో ఎక్స్‌రేలో చూశాకే పూర్తిగా నింపాలి, అన్నవాహికలో నింపితే చీలిపోతుంది. మంచం పక్కన కత్తెర తప్పనిసరి. బెలూన్ పైకి జారి ఊపిరి ఆగితే ఆలోచించకుండా గొట్టం అడ్డంగా కత్తిరించి లాగెయ్యడమే.

మీ గదిలో ఏ రకం బెలూన్లున్నాయో, ప్యాకెట్ మీది అంకెలతో సహా రాసి పంపు. మానోమెట్రీ గ్రాఫు ఎలా చదవాలో వచ్చే ఉత్తరంలో రాస్తాను.

నీ
మురళి