ఉస్మానియా పాత భవనాన్ని నిలబెట్టాలి

సంపాదకుల వారికి,

గోషామహల్‌లో ఉస్మానియా ఆసుపత్రి కొత్త భవనాలకు 2025 జనవరిలో శంకుస్థాపన జరగడం సంతోషకరం. అయితే అఫ్జల్‌గంజ్‌లోని పాత కట్టడం భవితవ్యంపై ప్రభుత్వం స్పష్టమైన ప్రకటన చేయాలని కోరుతున్నాను.

1908 సెప్టెంబరులో మూసీ వరద అఫ్జల్‌గంజ్ దవాఖానాను తుడిచిపెట్టిన తరువాత, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో, ఎదుటి ఒడ్డున హైకోర్టుకు రూపకల్పన చేసిన విన్సెంట్ ఎష్ నమూనాతోనే ఈ భవనం వెలిసింది. దీనికి అనుబంధమైన వైద్య కళాశాల మూలాలు 1846 నాటి హైదరాబాద్ వైద్య పాఠశాలలో ఉన్నాయి. శస్త్రచికిత్సలో మత్తు కోసం వాడిన క్లోరోఫాం వల్ల కలిగే మరణాలకు కారణం శ్వాస ఆగడమా, గుండె ఆగడమా అన్న ప్రశ్నపై ఆ పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ చొరవతో, అప్పటి నిజాం నిధులతో ఇక్కడ జరిగిన ప్రయోగాలలో పాల్గొనడానికి 1889లో లండన్ నుంచి ప్రముఖ వైద్యుడు లాడర్ బ్రంటన్ వచ్చారు. ఆనాటి నిర్ధారణలు తరువాతి పరిశోధనల ముందు నిలవలేదు గాని, మత్తు వైద్య చరిత్రలో మన నగరానికి చోటు దక్కింది. ఆ కాలంలోనే రూపాబాయి ఫర్దూన్జీ ఇక్కడ చదివి, ప్రపంచంలోని తొలితరం మహిళా మత్తు వైద్యులలో ఒకరయ్యారు.

2020 జులైలో వార్డుల్లోకి నీరు చేరాక పాత భవనాన్ని ఖాళీ చేయించి మూసివేశారు. నిరుపేద రోగులకు సురక్షితమైన పడకలు ముందు కావాలి, అందులో సందేహం లేదు. కాని కొత్త నిర్మాణం పాతదాని ఉపేక్షకు సాకు కారాదు. నిపుణుల పర్యవేక్షణలో మరమ్మతులకు ప్రత్యేక నిధులు, గడువు ప్రకటించి, అందులో ఒక భాగాన్ని వైద్య చరిత్ర ప్రదర్శనశాలగా తీర్చిదిద్దాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, హైదరాబాద్