యువకుల కాలేయాలను కొలిచే కొలబద్ద ఏది? కేంద్ర ఆరోగ్య మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారములు. హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మంది కాలేయాల్లో కొవ్వు కనిపించిందన్న 2025 నాటి అధ్యయనం పార్లమెంటులోనూ ప్రస్తావనకు వచ్చింది. అయితే కొవ్వు చేరిన ప్రతి కాలేయమూ చెడిపోదు. కొందరిలోనే అది వాచి, మచ్చలు కట్టి, కాలేయం గట్టిపడి పాడయ్యే సిర్రోసిస్ దాకా వెళుతుంది. ఆ కొందరిని ముందుగా పట్టుకోవడమే అసలు చిక్కు. సూదితో కాలేయపు ముక్క తీసి పరీక్షించే బయాప్సీ అందరికీ చేయలేము. చేసినా, సూదికి వచ్చే ముక్క మొత్తం కాలేయంలో సుమారు యాభై వేలో వంతు మాత్రమే.

అందుకే వైద్యులు కాలేయంలో మచ్చల ముప్పును అంచనా వేసే ఫిబ్-4 లెక్కను ఆశ్రయిస్తారు. వయసు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే కాలేయ ఎంజైముల మోతాదు, ప్లేట్‌లెట్ల సంఖ్య ఉంటే చాలు, జిల్లా ఆసుపత్రిలోనూ వేయవచ్చు. 1.3 లోపు వస్తే ముప్పు తక్కువని భావిస్తారు. కానీ 2006లో ఈ లెక్క పుట్టింది హెచ్ఐవీ, హెపటైటిస్-సి రెండూ ఉన్న రోగుల కోసం. పైగా వయసు అందులో గుణకం కనుక, ముప్పై అయిదేళ్ల లోపు వారి విషయంలో దాన్ని నమ్మలేము. ఐటీ కొలువుల్లో ఉన్నది ఎక్కువగా ఆ వయసువారే కదా!

జబ్బును ముందుగా పట్టిచ్చే కొత్త బయోమార్కర్లను (శరీరంలోని జీవ సూచికలను) వెతకడానికి ప్రయోగశాలల్లో మేము వాడే సాధనాలకూ పరిమితులున్నాయి. తరచుగా పెంచే హెప్‌జీ2 కణాలు ఒక అర్జెంటీనా బాలుడి కాలేయ కణితి నుంచి వచ్చినవి, మామూలు కాలేయ కణాలు కావు. మిథియోనిన్, కోలిన్ అనే పోషకాలు లేని మేత పెడితే ఎలుక కాలేయం కొన్ని వారాల్లోనే కొవ్వు పట్టి వాచిపోతుంది గానీ, ఆ ఎలుక బరువు తగ్గి చిక్కిపోతుంది. మా ఓపీకి వచ్చే రోగి మాత్రం బొజ్జతో, మధుమేహంతో వస్తాడు. ఈ తేడాను పక్కనపెట్టి వ్యాసాలు రాయడం మాకూ అలవాటైపోయిందని ఒప్పుకోవాలి. జాతీయ పోషకాహార సంస్థలో సహజ ఉత్పరివర్తనంతో పుట్టిన ఊబకాయపు ఎలుకల జాతి కొంత మెరుగు, అయినా ఎలుక ఎలుకే.

2023లో ఔషధ పరీక్షల నిబంధనలను సవరించి, మానవ కణాలతో చేసే ఆర్గనాయిడ్లు (అవయవాల చిన్న నమూనాలు), అవయవం పనితీరును అనుకరించే ఆర్గాన్ చిప్‌ల వంటి పద్ధతులకు ప్రభుత్వం తలుపు తెరిచింది. ఆ చిప్‌లో వేయడానికి మనవాళ్ల కణాలే కావాలి. ఢిల్లీలోని కాలేయ వైద్య సంస్థ ఐఎల్‌బీఎస్‌లో ఉన్న కాలేయ వ్యాధుల బయోబ్యాంకుకు (రోగుల నమూనాలను భద్రపరిచే కేంద్రానికి) అనుబంధంగా హైదరాబాద్‌లోనూ ఒకటి నెలకొల్పి, బరువు తగ్గించే శస్త్రచికిత్సలప్పుడు తీసే కాలేయపు ముక్కలను, అదే రోజు తీసిన రక్తాన్ని, రోగి సమ్మతితో భద్రపరిచే ఏర్పాటు చేయించగలరు. సన్నగా కనిపిస్తూనే కాలేయంలో కొవ్వు పట్టినవారినీ అందులో చేర్చాలి.

2021లోనే ఈ జబ్బును జాతీయ అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమంలో చేర్చిన మీ శాఖ, యువకులకు వర్తించే ఫిబ్-4 హద్దును ఈ బ్యాంకులోని కణజాలంతో సరిచూసే పనికి కనీసం అయిదేళ్ల నిధులు ఒకేసారి మంజూరు చేయాలని ప్రార్థన. ఏటేటా పొడిగింపు కోసం ఎదురుచూసే ప్రాజెక్టులో మచ్చ కట్టే కాలేయాన్ని చివరిదాకా గమనించడం సాధ్యపడదు.

ఇట్లు,
కాలేయ వ్యాధుల పరిశోధనలో ఉన్న ఒక శాస్త్రవేత్త